కాకినాడ యాంకరేజీలో బియ్యం లోడింగ్: ఈ డెమరేజీ లెక్క సరైనదేనా?

#1 మండపేట_బియ్యం
కాకినాడ యాంకరేజీ (ఓడ ఒడ్డుకు రాకుండా లంగరేసి బార్జీల నుంచి సరుకు ఎక్కించుకునే చోటు) నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని కొటోనూకు 30,000 టన్నుల ఉప్పుడు బియ్యం, 50 కేజీల పీపీ (ప్లాస్టిక్ నేత) బస్తాలు, ఎఫ్‌ఓబీ అమ్మకం, అంటే ఓడ ఎక్కించేదాకా ఖర్చు మాది, ఓడ కిరాయి కొన్నవాళ్లది. లోడింగ్ రేటు రోజుకు 2,000 టన్నులు, వెదర్ వర్కింగ్ డే పద్ధతి, అంటే వాతావరణం పని ఆపిన సమయం లెక్కలోకి రాదు. ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు, పని జరిగితే మాత్రం వస్తాయి. ఆ లెక్కన లే టైమ్, అంటే లోడింగ్‌కు ఇచ్చిన గడువు, 15 రోజులు. గడువు దాటితే కట్టే డెమరేజీ రోజుకు 16,000 డాలర్లు, గంటల్లో అయితే ఆ దామాషా. కొన్నవాళ్లు పంపిన షీటులో డెమరేజీ 4 రోజుల 6 గంటలు, అంటే 68,000 డాలర్లు. టన్నుకు 2.27 పడుతోంది, టన్ను మీద మిగిలేదే అంతంత మాత్రం.

ఆ నాలుగు రోజుల్లో 31 గంటలు వాన పడింది. ఓడవాళ్ల స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లోనే (ఎస్‌ఓఎఫ్, ఏ గంటకు ఏం జరిగిందో రాసే కాగితం) రాసి ఉంది. అయినా ఆ గంటలు తీయలేదు. ఇదెక్కడి న్యాయమండీ? రెండోది, ఈ బార్జీల గొడవ వదిలేసి డీప్ వాటర్ పోర్టు బెర్తుకో, విశాఖ కంటైనర్లకో మారితే ఈ బెడద తప్పుతుందా?

#2 లేటైమ్_లెక్క
ఆ 31 గంటల మీద వాదించి లాభం లేదు. "ఒకసారి డెమరేజీలో పడితే ఇక డెమరేజీయే" అనేది ఇంగ్లీషు చట్టంలో పాతుకుపోయిన సూత్రం, చార్టర్ పార్టీలు (ఓడ అద్దె ఒప్పందాలు) ఎక్కువగా ఆ చట్టం కిందే ఉంటాయి. 15 రోజులూ అయిపోయిన నిమిషం నుంచి వాన గానీ ఆదివారం గానీ తీయరు. ఒప్పందంలో విడిగా రాసుకుంటేనే తీస్తారు.

మీరు వెతకాల్సింది మొదటి 15 రోజుల్లో. అసలు గడియారం ఎప్పుడు మొదలైందో చూడండి. జెన్‌కాన్ 1994 ఫారం (చార్టర్ పార్టీ నమూనా) ప్రకారం అయితే నోటీస్ ఆఫ్ రెడీనెస్ (ఓడ సిద్ధమని ఇచ్చే నోటీసు) మధ్యాహ్నం 12 లోపు ఇస్తే అదే రోజు 13 గంటలకు మొదలు. 12 దాటాక ఆఫీసు వేళల్లో ఇస్తే మర్నాటి పని దినం ఉదయం 6కి. తర్వాత హోల్డుల (ఓడ లోపల సరుకు పెట్టే గదుల) తనిఖీ ఎప్పుడు పాసైందో చూడండి. బియ్యం తినే సరుకు. పాత బొగ్గు మసి, తుప్పు పెచ్చులు, పురుగు, వాసన, వీటిలో ఏది ఉన్నా సర్వేయర్ హోల్డును ఫెయిల్ చేస్తాడు. ఫెయిలైన ఓడ "నేను సిద్ధం" అని ఇచ్చిన నోటీసు చెల్లదని గట్టిగా వాదించొచ్చు. కొన్ని ఒప్పందాల్లో ఫెయిలైనప్పటి నుంచి పాసయ్యేదాకా పోయిన సమయాన్ని మాత్రమే తీస్తారు. మీ దాంట్లో ఏం రాసుందో చదివి చెప్పండి.

#3 జగన్నాథపురం_వంతెన
వాన గురించి ఇంకొకటి. ఓడ కెప్టెన్ రాసేది ఓడ మీద పడిన వాన మాత్రమే. మన బస్తా బార్జీలోకి ఎక్కేది ఇక్కడ, కమర్షియల్ కాలువ ఒడ్డున. కాలువ దగ్గర కుండపోత కురుస్తుంటే అక్కడ లంగరేసిన ఓడ మీద ఎండ కాయొచ్చు. ఇక్కడ బార్జీ లోడింగ్ ఆగిపోతుంది, ఐదారు గంటల తర్వాత అక్కడ హుక్కులు ఖాళీగా వేలాడతాయి. ఎస్‌ఓఎఫ్‌లో మాత్రం "బార్జీ కోసం నిరీక్షణ" అని పడుతుంది. ఆ మాట పడిందంటే టైం మీ ఖాతాలోకే.

#4 లేటైమ్_లెక్క
#3 చెప్పింది చాలామందికి తట్టదు. వెదర్ వర్కింగ్ డే అంటే వాతావరణం పనిని ఆపిన సమయమే కాదు, పని పెట్టుకుని ఉంటే ఆపేసేంత వాతావరణం ఉన్న సమయం కూడా మినహాయింపే. రాత్రి ముఠా లేకపోయినా వాన కురిస్తే ఆ గంటలు తీయాలి. ఇది లే టైమ్ నిర్వచనాల్లోనే ఉంది. అయితే కాలువ ఒడ్డున పడిన వాన ఇందులోకి వస్తుందా రాదా అన్నది తగవు తెచ్చే సంగతి. అందుకని అమ్మకం ఒప్పందంలోనే ఒక వాక్యం రాసుకోవాలి: "ఓడ దగ్గర గానీ, బార్జీలు నింపే రేవు దగ్గర గానీ వాన, గాలి, అలల వల్ల ఆగిన సమయం లే టైమ్‌లోకి రాదు." ఈ ఒక్క వాక్యం కాకినాడలో వేల డాలర్లు నిలబెడుతుంది.

#5 ఏటిమొగ
అలల మాట మర్చిపోవద్దు. హోప్ ఐలాండ్ మనకు దేవుడిచ్చిన అడ్డుగోడ. గోదారి మోసుకొచ్చిన ఇసుకే ఉత్తరంగా సాగి సాగి దీవి అయింది. తూర్పు అలను అది కాస్తుంది గానీ అఖాతం నోరు ఉత్తరం వైపు తెరిచే ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం పట్టిందంటే అల లోపలికి వస్తుంది. బార్జీ ఒక మీటరు లేచి పడుతుంటే క్రేన్ హుక్కుకు స్లింగు (బస్తాలు కట్టి ఎత్తే తాడు) తగిలించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ముఠా ఆగిపోతుంది. పైన చినుకు ఉండదు కాబట్టి ఎస్‌ఓఎఫ్‌లో "వాతావరణం బాగుంది" అని రాసేస్తారు. రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే బార్జీలు కదలవు. సూచిక ఎగరేసిన టైం, దించిన టైం పోర్టు ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకుని ఎస్‌ఓఎఫ్‌కు జతచేయాలి.

#6 పాలకొల్లు_రవాణా
వాన, అల అంటున్నారు గానీ అసలు 2,000 టన్నుల రేటు ఎవరు ఒప్పుకున్నారు? యాంకరేజీలో బస్తాలకు అది అయ్యే పనేనా?

#7 బార్జీ_హుక్కు
అదే అసలు రోగం. లెక్క వేసి చూపిస్తాను.

30,000 టన్నులు పట్టే ఓడకు మామూలుగా నాలుగు క్రేన్లు, ఐదు హోల్డులు. అంటే నాలుగు హుక్కులు. స్లింగుకు 40 బస్తాలు, అంటే 2 టన్నులు. గంటకు 11 స్లింగులు లేస్తే బాగా నడిచినట్టే. హుక్కుకు గంటకు 22 టన్నులు. రోజుకు 24 గంటలున్నా షిఫ్టు మార్పు, భోజనం, హోల్డుల హ్యాచ్ మూతలు తీయడం వేయడం, బార్జీ తప్పించి ఇంకోటి కట్టడం, హోల్డులో బస్తా పేర్చే ముఠా వెనకబడటం, ఇవన్నీ పోగా చేతికొచ్చేది 16 గంటలు. 22 ఇంటూ 16 ఇంటూ 4, రోజుకు 1,408 టన్నులు. 2,000 రావాలంటే హుక్కు రోజుకు దాదాపు 22 గంటల 44 నిమిషాలు ఆగకుండా తిరగాలి. మనుషులు చేసే పనిలో అది కుదరదు.

#1 గారి షీటే చూడండి. 15 ప్లస్ 4.25, లెక్కకొచ్చిన రోజులు 19.25. రోజుకు 1,558 టన్నులు పడ్డట్టు. మీ స్టీవెడోర్ (ఓడ లోడింగ్ కాంట్రాక్టర్) బాగానే చేశాడు, తప్పు అతనిది కాదు. సంతకం పెట్టిన రోజే డెమరేజీ మీ నెత్తికెక్కింది.

#8 మండపేట_బియ్యం
#7 గారూ, హుక్కు సంగతి అర్థమైంది. మరి బార్జీలు ఎన్ని ఉంటే హుక్కు ఆగదు? మాకు ఏడు పెట్టారు.

#9 బార్జీ_హుక్కు
ఒక బార్జీలో 350 టన్నులు అనుకోండి, 7,000 బస్తాలు. కాలువలో నింపడానికి 10 గంటలు. పోటు కోసం ఎదురుచూపు సగటున 4 గంటలు. టగ్గు లాక్కెళ్లడానికి 3. ఓడ పక్కన ఒక హుక్కు కింద దాదాపు 24, ఎందుకంటే 350ని 22తో భాగిస్తే 16 పని గంటలు, అది ఒక రోజు పని. ఖాళీగా తిరిగి రావడానికి 3. మొత్తం 44 గంటలు. అందులో ఓడ పక్కన ఉండేది 24 మాత్రమే. 44ను 24తో భాగిస్తే హుక్కుకు 1.83 బార్జీలు. నాలుగు హుక్కులకు ఎనిమిది, మరమ్మతుకో ఆలస్యానికో ఇంకో రెండు. పది ఉంటే నిశ్చింత. ఏడు పెడితే ఏదో ఒక హుక్కు రోజూ కొంతసేపు ఖాళీ.

పోటు ఎందుకంటే కాలువ మొగ దగ్గర మేట వేస్తుంది. పాటులో నిండు బార్జీ కదిపితే అడుగు తగులుతుంది. రోజుకు రెండు పోట్లు, పన్నెండున్నర గంటల తేడాలో. ఒక పోటు తప్పిందంటే బార్జీ సగం రోజు పడుకుంటుంది. కాబట్టి నింపడం ఎప్పుడు మొదలుపెట్టాలో గడియారం చూసి కాదు, పోటు పట్టిక చూసి వెనక్కి లెక్కకట్టాలి. ఉదయం 9కి పోటు అయితే రాత్రి 11 లోపే మొదటి బస్తా పడాలి.

#10 తాళ్లరేవు_గాలి
స్లింగుకు 60 బస్తాలు వేస్తే? ఓడ క్రేన్లు 30 టన్నులు ఎత్తుతాయి కదా, 3 టన్నులు ఓ లెక్కా?

#11 బార్జీ_హుక్కు
క్రేనుకు లెక్క కాదు, కింది బస్తాకు లెక్క. 60 బస్తాల స్లింగు బిగిసినప్పుడు మూలల్లో ఉన్న పీపీ సంచి కుట్టు దగ్గర చిట్లుతుంది. హోల్డులో పేర్చే ముఠా కూడా 40కే అలవాటుపడి ఉంటుంది. మూడు టన్నులు ఒక్కసారి దించితే వాళ్లు ఖాళీ చేసేలోపు హుక్కు పైన వేలాడుతుంది. వేగం పెరగదు, చిరుగు పెరుగుతుంది. స్లింగు పెంచాలంటే ముందు హోల్డులో మనుషుల్ని పెంచాలి. వెడల్పాటి పట్టీ స్లింగులు వాడండి, సన్న తాడు వద్దు. చేతి కొక్కేలు అసలు పడనివ్వొద్దు. కొక్కెం గుచ్చిన పీపీ సంచి దారి పొడుగునా గింజ కారుస్తూనే ఉంటుంది.

#12 పాలకొల్లు_రవాణా
అయితే వచ్చేసారి 1,500కే ఒప్పుకుంటే సరి. లే టైమ్ 20 రోజులు వస్తుంది, 19.25లో అయిపోతే తిరిగి డెస్పాచే (గడువుకు ముందే ముగించినందుకు ఇచ్చే సొమ్ము) వస్తుంది. డెమరేజీలో సగం రేటు, రోజుకు 8,000 లెక్కన ముప్పావు రోజుకు 6,000 డాలర్లు మనకే.

#13 రేవుపాటు
అంత తేలిక కాదు. మీరు ఐదు రోజులు ఎక్కువ అడిగితే ఓడ యజమాని ఆ ఐదు రోజులకూ ఫ్రైట్ (ఓడ కిరాయి) వేస్తాడు. కొన్నవాడు ఆ ఫ్రైట్‌ను మీ ఎఫ్‌ఓబీ ధరలోంచి కోస్తాడు. డబ్బు ఎక్కడికీ పోదు, వేరే గుమ్మంలోంచి బయటికెళ్తుంది.

ఊహా లెక్క ఒకటి వేద్దాం. ఓడ రోజు అద్దె 14,000 డాలర్లు. ఇక్కడ లోడింగ్ 19 రోజులు, గుడ్‌హోప్ అగ్రం చుట్టి కొటోనూకు 27 రోజులు, అక్కడ దించడం 15. మొత్తం 61 రోజులు, అద్దె 8,54,000. ఇంధనం నడిచేటప్పుడు రోజుకు 22 టన్నులు, రేవులో మూడున్నర. మొత్తం 713 టన్నులు, టన్ను 550 డాలర్లయితే 3,92,150. రెండు రేవుల ఖర్చులు 1,50,000. అంతా కలిపి 13,96,150, టన్ను బియ్యానికి నలభై ఆరున్నర డాలర్లు.

ఈ 61లో ఓడ నడిచింది 27 రోజులే. మిగతా 34 రోజులు నిలబడి ఉంది. ఒక రోజు ఎక్కువ నిలబడితే అద్దె, ఇంధనం కలిపి దాదాపు 15,900, అంటే టన్నుకు అర డాలరు పైన. ఐదు రోజులకు టన్నుకు 2.65. ఇప్పుడు #1 గారు కడుతున్న 2.27 పక్కన పెట్టి చూడండి. రెండూ దగ్గర దగ్గరే.

#14 లేటైమ్_లెక్క
#13తో సగమే ఏకీభవిస్తాను. కాకినాడ యాంకరేజీలో బస్తాలంటే ఎన్ని రోజులు పడుతుందో ఓడ యజమానికి మనకన్నా బాగా తెలుసు. అతని బ్రోకర్ దగ్గర పాత ఎస్‌ఓఎఫ్‌లు ఉంటాయి. కాగితం మీద 15 అని ఉన్నా అతను 19 రోజులనే లెక్కేసుకుని ఫ్రైట్ చెప్పొచ్చు. అప్పుడు ఆ నాలుగు రోజులకు ఫ్రైట్‌లో ఒకసారి, డెమరేజీలో మళ్లీ ఒకసారి వసూలవుతుంది. నిజమైన రేటు రాసుకుంటే ఆ రెండోసారి తప్పుతుంది. మీరు చెప్పిన "డబ్బు ఎక్కడికీ పోదు" అనేది పోటీ గట్టిగా ఉన్న మార్కెట్‌లో, ఓడలు దండిగా దొరికే రోజుల్లోనే నిజం.

#15 రేవుపాటు
ఓడలు దండిగా ఉన్న రోజుల్లో రెండుసార్లు వసూలు చేసేవాడిని పక్కవాడు తగ్గించి కొడతాడు, అది నిజమే. కొరత రోజుల్లో మీ మాటే చెల్లుతుంది, ఒప్పుకుంటాను. ఓడల మార్కెట్ ఎంత ఊగుతుందంటే, 2008 మే 20న బాల్టిక్ డ్రై ఇండెక్స్ (సరుకు ఓడల కిరాయిల సూచీ) 11,793. అదే ఏడు డిసెంబరుకు 663. 2016 ఫిబ్రవరిలో 290. సరుకు కొంచెం పెరిగితే కొత్త ఓడ రేపటికి రాదు, కట్టడానికి రెండేళ్లకు పైనే పడుతుంది. సరుకు తగ్గితే ఉన్న ఓడ మాయమైపోదు. అందుకే ధర అలా ఎగిరి పడుతుంది.

#16 భీమవరం_రొయ్య
ఎర్రసముద్రం గొడవ మీ ఫ్రైట్‌ను పెంచిందా? మా రీఫర్లకు (శీతల కంటైనర్లకు) 2023 ఆఖరు నుంచి బాగా తగిలింది. సూయజ్ వదిలి గుడ్‌హోప్ చుట్టడంతో పది రోజులకు పైగా అదనం.

#17 రేవుపాటు
కొటోనూ, లోమే లాంటి పశ్చిమ ఆఫ్రికా రేవుల దారి ముందు నుంచీ గుడ్‌హోప్ చుట్టే. దూరం ఒక్క మైలు మారలేదు. కానీ మిగతా దార్లలో ఓడలు ఎక్కువ రోజులు సముద్రం మీద ఉండిపోతే ఖాళీగా దొరికేవి తగ్గుతాయి. దూరం మారని దారికి కూడా అద్దె పెరుగుతుంది. ఈ వ్యాపారంలో ఓడ రోజే అసలు సరుకు, బియ్యం ఆ తర్వాత.

#18 మండపేట_బియ్యం
బెర్తు, కంటైనర్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

#19 జగన్నాథపురం_వంతెన
బెర్తులో బార్జీ ఉండదు, పోటు ఉండదు. లారీ నేరుగా ఓడ పక్కకొస్తుంది, బస్తాను ఒకసారి తక్కువ ఎత్తుతారు, చిరుగు తగ్గుతుంది. అల బాధ చాలావరకు ఉండదు. కానీ వాన వానే. హుక్కు లెక్క కూడా మారదు, నాలుగు హుక్కులు నాలుగు హుక్కులే. మీకు మిగిలేది బార్జీ కోసం ఆగిన గంటలు. పైగా బెర్తు ఖాళీ కావాలి. యాంకరేజీలో పది ఓడలు పక్కపక్కన లోడవుతాయి, బెర్తుకు ఒక్కటే. ఓడ క్యూలో నిలబడినా టైం నడుస్తుందనే షరతు, అంటే "బెర్తు దొరికినా దొరక్కపోయినా", చార్టర్ పార్టీలో ఉంటే ఆ ఎదురుచూపు మీ మీదే పడుతుంది.

డీప్ వాటర్ పోర్టు 1997లో మొదలైనా బియ్యం బస్తాలు దశాబ్దాలుగా యాంకరేజీలోనే నడిచాయి. యాంకరేజీలో రద్దీ పెరిగితే 2021 ఫిబ్రవరిలో డీప్ వాటర్ పోర్టులో కూడా బియ్యం ఎగుమతికి తెరిచారు. రద్దీ ఉన్నప్పుడు రెండో దారి ఉండటమే దాని విలువ.

#20 పాలకొల్లు_రవాణా
బెర్తుకైతే లారీల వరస కూడా చూసుకోవాలి. 30,000 టన్నులంటే ఆరు లక్షల బస్తాలు. 25 టన్నుల లారీలు 1,200. ఇరవై రోజుల్లో వెళ్లాలంటే రోజుకు 60. బార్జీ అయితే కాలువ ఒడ్డు గొడౌనే మధ్యలో గుమ్మి లాంటిది, నాలుగు రోజుల సరుకు అక్కడ ఉంచుకోవచ్చు. బెర్తు పక్కన రోజుకు 60 లారీల్లో 15 ఆగిపోతే ఓ హుక్కు అక్కడికక్కడే ఆగిపోయినట్టే.

#21 విశాఖ_పెట్టె
కంటైనర్లో 20 అడుగుల పెట్టెకు 520 బస్తాలు, 26 టన్నులు. మీ 30,000కు 1,154 పెట్టెలు కావాలి. కాకినాడ నుంచి విశాఖ 150 కిలోమీటర్లకు పైనే, మండపేట నుంచి ఇంకా ఎక్కువ. ఖాళీ పెట్టె రావడం, నిండి వెళ్లడం, రెండూ మీ ఖర్చే. 2016 జులై 1 నుంచి ప్రతి పెట్టెకూ తూచిన మొత్తం బరువు, వీజీఎం, ముందే ఇవ్వాలి, లేకపోతే ఎక్కించరు. డెమరేజీ ఉండదనుకోకండి, ఇక్కడ దాని పేరు డిటెన్షన్. ఉచిత రోజులు దాటితే పెట్టెకు రోజువారీ.

కొనేవాడు ఐదొందల టన్నులు, వెయ్యి టన్నులు చొప్పున అడిగితే కంటైనరే మేలు. ఒకేసారి 30,000 అయితే ఓడే. మధ్యలో ఎక్కడ తూకం మారుతుందో పెట్టె ఫ్రైట్ చెప్పాలి. 2021లో పెట్టెలు దొరక్క, ధర ఆకాశంలో ఉన్నప్పుడు పెట్టెల్లో వెళ్లే బియ్యం కూడా బస్తాల ఓడకే మళ్లింది. కాకినాడ రద్దీకి అదొక కారణం.

#22 భీమవరం_రొయ్య
మన జిల్లాల్లో ఖాళీ పెట్టెలు ఉన్నా అవి మీకు పనికిరావు. రొయ్యకు వచ్చేవి 40 అడుగుల రీఫర్లు, మైనస్ 18 డిగ్రీలు పట్టుకోవడానికి. నిండిన దగ్గర నుంచి రేవు దాకా జెన్‌సెట్ (జనరేటర్) మీద, యార్డులో ప్లగ్ మీద. ఆ ప్లగ్గుకు కూడా రోజువారీ ఛార్జీ. రొయ్య ధరకు గిట్టుబాటవుతుంది, బియ్యానికి కాదు.

#23 డ్రాఫ్ట్_సర్వే
డెమరేజీ కన్నా పెద్ద నష్టం ఇంకోచోట ఉంటుంది. ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి: బరువు.

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదారి వరద వస్తే గౌతమి నీళ్లు యానాం, కోరంగి మీదుగా అఖాతంలోకి దిగుతాయి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఓడ కింద నీటి సాంద్రత మారుతోందని అనుమానించాలి. సముద్రపు నీరు 1.025. వరద నీరు కలిస్తే 1.015కు దిగిందనుకోండి. ఓడ అదే బరువుకు ఎక్కువ లోతు దిగుతుంది. డ్రాఫ్ట్ సర్వే అంటే ఓడ ఎంత లోతు (డ్రాఫ్ట్) దిగిందో చూసి సరుకు బరువు లెక్కకట్టడం. మొదటి సర్వే వరదకు ముందు, ఆఖరి సర్వే వరదలో చేసి, సర్వేయర్ అలవాటుగా 1.025 వేసేస్తే, 40,000 టన్నుల డిస్‌ప్లేస్‌మెంట్ (ఓడ, సరుకు కలిపిన బరువు) మీద 390 టన్నుల తప్పు. 7,800 బస్తాలు. ఎక్కని బస్తాలు ఎక్కినట్టు కాగితం మీద కనబడతాయి. అవతలి రేవులో లెక్కపెట్టేసరికి అవే "షార్ట్ ల్యాండింగ్" అవుతాయి.

చేయాల్సిందేమిటంటే, డ్రాఫ్ట్ చదివే సమయంలోనే నీళ్లు తీయాలి, పొద్దున తీసిన సీసాతో సాయంత్రం లెక్క వేయకూడదు. ముందు, మధ్య, వెనక మూడు చోట్లా తీయాలి. ఒక్కోచోట పైన, డ్రాఫ్ట్ సగం లోతులో, అడుగున. వరద నీరు తేలిక కాబట్టి పైన పొరలా తేలుతుంది, అడుగున ఉప్పునీరే ఉంటుంది. బకెట్టుతో పైనుంచి ముంచితే తప్పు కొలత వస్తుంది. మూతను లోతులో తెరిచే సీసా కావాలి. హైడ్రోమీటర్ గాజు శుభ్రంగా తుడిచి, గిర్రున తిప్పి వదిలి, బుడగలు పోయాక కంటి ఎత్తులో చదవాలి. ఈ సైజు ఓడ ఒక సెంటీమీటరు దిగాలంటే 43 టన్నులు, దీన్నే టీపీసీ అంటారు. అల ఆడుతుంటే డ్రాఫ్ట్ గుర్తు దగ్గర రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ చదివితే 86 టన్నులు అటూ ఇటూ.

#24 తాళ్లరేవు_గాలి
బస్తాలకు టాలీ (ఎన్ని ఎక్కాయో లెక్కపెట్టడం) ఉంటుందిగా? డ్రాఫ్ట్ సర్వే ఎందుకు?

#25 డ్రాఫ్ట్_సర్వే
టాలీ ఉంటుంది, అదే ముఖ్యం కూడా. కానీ టాలీ మూడుచోట్ల జరుగుతుంది: గొడౌన్‌లో, బార్జీ దగ్గర, ఓడ పక్కన. మూడూ కలవవు. స్లింగుకు 40 అని లెక్కపెడుతూ పోతే 38 ఉన్న స్లింగు కూడా 40గానే పడుతుంది. డ్రాఫ్ట్ సర్వే దాన్ని పట్టుకునే రెండో కన్ను. రెండింటికీ 100 టన్నులకు మించి తేడా వస్తే ఓడ వెళ్లకముందే ఎక్కడ పోయిందో వెతకాలి. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని ఇచ్చే రసీదు) మీద సంతకం పడ్డాక వెతికి లాభం లేదు.

#26 ఏటిమొగ
#23 మాటకు అనుబంధం. వరద రోజుల్లో నీళ్లు తేలికైతే నిండు ఓడ ఎక్కువ దిగుతుంది, కాబట్టి ఎంత ఎక్కించొచ్చో కూడా చూసుకోవాలి.

#27 డ్రాఫ్ట్_సర్వే
అవును, కానీ దానికి వెసులుబాటు ఉంది. ఫ్రెష్ వాటర్ అలవెన్స్, అంటే మంచినీటిలో అదనంగా దిగనిచ్చే లోతు, రావాలంటే డిస్‌ప్లేస్‌మెంట్‌ను నాలుగింతల టీపీసీతో భాగించాలి. 40,000ను 172తో భాగిస్తే 233 మిల్లీమీటర్లు. 1.015 నీటిలో అందులో 25కి 10 వంతులు, 93 మిల్లీమీటర్లు అదనంగా దిగొచ్చు. బయట ఉప్పునీటిలోకి వెళ్లగానే ఆ మేరకు తేలుతుంది. మంచినీటి లెక్క తెలియక 93 మిల్లీమీటర్లు వదిలేస్తే దాదాపు 400 టన్నులు ఎక్కకుండా మిగిలిపోతాయి. ఆ చోటుకు కూడా ఫ్రైట్ కట్టాల్సిందే, డెడ్ ఫ్రైట్ అంటారు.

#28 పాలకొల్లు_రవాణా
ఇంత జాగ్రత్త పడ్డా ప్రభుత్వం ఎగుమతి ఆపేస్తే అంతా గల్లంతే కదా. 2022 సెప్టెంబరులో నూకల మీద నిషేధం, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం. 2023 జులై 20న తెల్ల బియ్యం పూర్తిగా బంద్. ఆగస్టు 25 నుంచి ఉప్పుడు బియ్యం మీద 20 శాతం. మళ్లీ 2024 సెప్టెంబరు ఆఖరులో సడలింపు.

#29 లేటైమ్_లెక్క
2023 నిషేధంలో మినహాయింపు ఎవరికి ఇచ్చారో గుర్తుపెట్టుకోండి. నోటిఫికేషన్‌కు ముందే లోడింగ్ మొదలైన ఓడలకు. లేదా షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) దాఖలై, ఓడ వచ్చి బెర్తు చేరో లంగరేసో, రొటేషన్ నంబరు (ఓడ రాకకు ఇచ్చే నంబరు) కేటాయించి ఉంటే. అంటే లంగరు పడిన గంటకు, రొటేషన్ నంబరు కాగితానికి కోట్ల విలువ. ఓడ వచ్చేముందే షిప్పింగ్ బిల్లు సిద్ధంగా పెట్టుకోవడం అందుకే. సుంకం కొత్తగా పడితే ఎవరు భరించాలో అమ్మకం ఒప్పందంలో రాయకపోతే ఎఫ్‌ఓబీ అమ్మినవాడి మీదే పడుతుంది. నిషేధం వల్ల ఓడ ఆగితే డెమరేజీ నడవదని కూడా విడిగా రాసుకోవాలి, ఫోర్స్ మజూర్ (మన చేతిలో లేని అడ్డంకి) అన్న రెండు మాటల మీద ఆధారపడకూడదు.

#30 మండపేట_బియ్యం
#2 చెప్పినట్టు ఎస్‌ఓఎఫ్ మళ్లీ చూశాం. నోటీసు సోమవారం 11:30కి. షీటులో లే టైమ్ సోమవారం 13:00 నుంచి మొదలుపెట్టారు. కానీ హోల్డుల తనిఖీలో మూడో నంబరు హోల్డు ఫెయిల్, పాత సరుకు అవశేషాలు. కడిగి ఆరబెట్టాక మంగళవారం 16:00కి పాస్. మొదటి స్లింగు బుధవారం 8:00కి. అన్ని హోల్డులూ పాసయ్యాకే నోటీసు చెల్లుతుందని మా ఒప్పందంలో ఉంది.

#31 లేటైమ్_లెక్క
ఇదిగో, దొరికింది. మంగళవారం 16:00 అంటే మధ్యాహ్నం దాటింది, కాబట్టి బుధవారం 6:00 నుంచే మొదలు. సోమవారం 13:00 నుంచి అక్కడికి 41 గంటలు. లే టైమ్ ముగిసే ఘడియ కూడా 41 గంటలు ఆలస్యంగా వస్తుంది. ఇక్కడే అసలు లాభం: డెమరేజీ అని వాళ్లు చూపిన మొదటి భాగం ఇప్పుడు లే టైమ్‌లోకి వచ్చేసింది, కాబట్టి అందులో పడిన వాన తీయొచ్చు. ఆ కిటికీలో ఎన్ని గంటలు వాన?

#32 మండపేట_బియ్యం
31లో 9 గంటలు. తర్వాతి సగం రోజు పొడిగా ఉంది. ఆదివారం అందులో లేదు.

#33 లేటైమ్_లెక్క
అయితే 41 ప్లస్ 9, 50 గంటలు జరిగింది. డెమరేజీ 102 గంటలు కాదు, 52. రోజుకు 16,000 చొప్పున 34,667 డాలర్లు. మీకు మిగిలేది 33,333. తనిఖీ సర్టిఫికెట్, అందులో పాసైన సమయం, ఎస్‌ఓఎఫ్ కాపీ, కొత్త షీటు, నాలుగూ కలిపి పంపండి. ఈమెయిల్లో "వాన", "న్యాయం" అనే మాటలు ఎత్తకండి. గడియారం ఎక్కడ మొదలైందో అది మాత్రమే రాయండి.

మంగళవారమే లోడింగ్ మొదలుపెట్టి ఉంటే మాత్రం వాడిన గంటలు లెక్కలోకి వచ్చి ఉండేవేమో. పాసైనా గడియారం నడవని ఆ రాత్రి మొదటి స్లింగు వేసి ఉంటే 14 గంటల పని ఉచితంగా దక్కేది అనుకుంటారు చాలామంది. "ముందే మొదలుపెడితే ఆ సమయం లెక్కకొస్తుంది" అనే షరతు ఉందో లేదో చూడకుండా ఆ పని చేయకూడదు.

#34 జగన్నాథపురం_వంతెన
వచ్చే ఓడకు కాలువ ఒడ్డున వాన పుస్తకం పెట్టించండి. ఒక్కో వరసలో: తేదీ, వాన మొదలైన టైం, ఆగిన టైం, ఆ సమయానికి నింపుతున్న బార్జీ నంబరు, అందులో అప్పటికి పడిన బస్తాలు, టార్పాలిన్ కప్పిన టైం, తీసిన టైం. వాన ఆగాక నీళ్లు తుడిచి తిరిగి మొదలుపెట్టడానికి అరగంట పడుతుంది, ఆ అరగంటకూ వేరే గడి. ప్రతి రోజూ సాయంత్రం ఓడ ఏజెంటు మనిషితో సంతకం. ఓడ వెళ్లిపోయాక పుస్తకం చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు.

#35 బార్జీ_హుక్కు
డెస్పాచ్ వస్తే అందులో వాటా స్టీవెడోర్‌కు, ముఠా మేస్త్రికి ముందే మాట్లాడుకోండి. ఓడ అద్దె రోజుకు, మనవాళ్ల కూలి బస్తాకు. గంట ఆగితే డెమరేజీ కింద మీకు 667 డాలర్లు పోతాయి, ముఠాకు ఆ గంట బస్తాల కూలి పోతుంది, అంతే. రోజుకు 1,500 దాటిన ప్రతి వంద టన్నులకు ఇంత అని రాసి ఇస్తే, పోటుకు బార్జీ సిద్ధం చేయమని ఎవరూ చెప్పక్కర్లేదు. బార్జీలు మాత్రం పది, ఏడు కాదు.